ఎప్పుడూ నీరసం, ఒళ్లంతా నొప్పులు: జబ్బు పేరు తేలేదాకా తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా నొప్పులు, తీరని అలసట ఉండే జబ్బు అని తేలడానికి రెండున్నరేళ్లు పట్టింది. ఈలోపు నలుగురు డాక్టర్లు మారారు, కూరగాయల సంచీ నిండా రిపోర్టులు పోగయ్యాయి. ఆ సంగతి నలుగురికీ తెలిసినప్పటి నుంచి చుట్టాలు, పాత కొలీగ్స్, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగే సందేహాలు దాదాపు అవే. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పే ఓపిక నాకూ ఉండదు కాబట్టి ఇలా రాసిపెట్టాను. నేను డాక్టర్ని కాదు, హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని. అందుకే మందుల డోసులు ఇందులో ఉండవు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు

అలసట అందరికీ ఉండేదే కదా, నాది జబ్బని ఎలా అనుకోవాలి?

పెళ్లిపనులు చేసి అలిసిపోయినవాళ్లు రెండు రాత్రులు నిద్రపోతే లేచి తిరుగుతారు. ఎనిమిది గంటలు పడుకుని లేచినా రాత్రంతా రోలు మోసినట్టు ఉంటే, నిరుడు చేసిన పని ఈ ఏడు సగం కూడా చేయలేకపోతుంటే, నొప్పులు మూడు నెలలు దాటినా పోకపోతే అది మామూలు అలసట కాదు. నాకైతే బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తడమే కష్టమయ్యేది. దాన్ని వయసు ఖాతాలో వేశాను. అప్పటికి నాకు 38.

ఏ లక్షణాలుంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు?

ఉన్నట్టుండి ఒక చెయ్యో కాలో పడిపోయినట్టవడం, మూతి వంకరపోవడం, ఛాతీలో నొప్పి, ఆయాసం, మూత్రం బిగబట్టుకుపోవడం లేదా తెలియకుండానే కారిపోవడం, కూర్చునే చోట స్పర్శ పోవడం. వీటికి నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

ఆ వారంలోనే చూపించుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. సాయంత్రాలు జ్వరం, రాత్రి దుప్పటి తడిసేంత చెమట, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, కీళ్ల వాపు, ఎక్కడైనా గడ్డ తగలడం, మలంలో రక్తం. మన దగ్గర టీబీ ఇంకా ఉంది, దాన్ని మర్చిపోకూడదు. యాభై దాటినవాళ్లకు కొత్తగా రెండు భుజాలూ తుంటీ పట్టేసి, దాంతోపాటు తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు మసక ఉంటే అదే రోజు వెళ్లాలి. అది రక్తనాళాల వాపు కావచ్చు, ఆలస్యమైతే చూపే పోతుంది.

బలానికి ఒక సెలైన్ ఎక్కించుకుంటే సరిపోదా?

మా అమ్మ మొదటి సలహా కూడా ఇదే. లెక్కల టీచర్ని కాబట్టి లెక్కే చెబుతాను. అరలీటరు మామూలు సెలైన్ బాటిల్‌లో ఉండేది నీళ్లూ 4.5 గ్రాముల ఉప్పూ. అయిదు శాతం గ్లూకోజ్ బాటిల్ అయితే 25 గ్రాముల గ్లూకోజ్, అంటే అయిదారు చెంచాల పంచదారంత. పసుపు రంగు ఇంజెక్షన్ కలిపితే అందులో కొంచెం బి విటమిన్లు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవాళ్లకు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. నెలల తరబడి ఉన్న నీరసానికి మాత్రం అది జవాబు కాదు. మంచం మీద గంటసేపు కదలకుండా పడుకోవడం వల్ల కొంత హాయిగా ఉంటుంది, అంతే.

మా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్‌తో ఒక్కరోజులో నొప్పులన్నీ ఎగిరిపోయాయి. అదే వాడుకోవచ్చు కదా?

ఒక్కరోజులో ఎగిరిపోతేనే అనుమానించాలి. చాలాసార్లు అందులో ఉండేది స్టెరాయిడ్. పేరు లేని పొట్లాల్లో, కొన్ని లేబుల్ లేని పొడుల్లోనూ అదే కలిపి ఉంటుంది. ముఖం గుండ్రంగా ఉబ్బడం, షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం తర్వాత బయటపడతాయి. పైగా నిజంగా కీళ్లవాతం ఉంటే దాని గుర్తులు స్టెరాయిడ్ చాటున దాక్కుంటాయి. డాక్టర్ చూసేసరికి వాపు ఉండదు, రిపోర్టులో ఏమీ కనిపించదు.

అలాగని చాలాకాలం వాడినవాళ్లు ఈ మాట చదివి ఠక్కున ఆపేయకండి, అదీ ప్రమాదమే. ఒళ్లు సహజంగా తయారుచేసుకోవాల్సిన స్టెరాయిడ్ తగ్గిపోయి బీపీ పడిపోవచ్చు. ఏ మందు, ఎన్నాళ్లు వాడారో డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. ఖాళీ స్ట్రిప్పులు, వాడిన వయల్స్ దొరికితే పట్టుకెళ్లండి. అన్నట్టు, రోజూ వేసుకునే నొప్పి మాత్రలు కూడా కిడ్నీలకు మంచివి కావు.

డాక్టర్ ముందు కూర్చోగానే చెప్పాల్సినవన్నీ మర్చిపోతున్నాను. ఏం చేయాలి?

ఓపీలో మన వంతుకు దొరికేది అయిదారు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు ఫైల్లో కాగితాలు వెతకడానికే పోతాయి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఒక్క పేజీ కాగితం. ముందు రెండు వారాలు చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఎన్నింటికి పడుకున్నాను, లేచేసరికి ఎలా ఉంది, పొద్దున ఒళ్లు బిగుసుకుని ఎన్ని నిమిషాల్లో సడలింది, ఏ పని చేశాక ఎక్కువైంది, అదే రోజా మర్నాడా, ఏ మాత్ర వేసుకున్నాను. దాన్ని కుదించి ఒక పేజీ చేశాను. పైన ఎప్పుడు, దేని తర్వాత మొదలైంది. మధ్యలో మనిషి బొమ్మ గీసి నొప్పి ఉన్నచోటల్లా గీతలు కొట్టాను. కింద వాడుతున్న మందులన్నీ రాశాను, కొలెస్ట్రాల్ మాత్ర, జుట్టు కోసం వేసుకునే మాత్ర, ఆయుర్వేదం పొడితో సహా.

"బాగా నీరసంగా ఉంటోంది సార్" అంటే డాక్టర్‌కి ఏమీ తెలియదు. "ఇదివరకు రెండంతస్తులు ఆగకుండా ఎక్కేదాన్ని, ఇప్పుడు మధ్యలో కూర్చుంటున్నాను" అంటే తెలుస్తుంది. నొప్పికి మనకున్న మాటలే వాడండి. సలుపుతోంది, గుంజుతోంది, పోట్లు, మంట, తిమ్మిరి, చెయ్యి వేస్తే పచ్చిపుండులా ఉంది... ఒక్కోదానికీ అర్థం వేరు. మంట, తిమ్మిరి అంటే డాక్టర్ నరాల వైపు ఆలోచిస్తారు. పొద్దున గంటసేపు బిగుసుకుపోతోందంటే కీళ్లవాతం వైపు చూస్తారు.

## ఎవరి దగ్గరికి వెళ్లాలి

ముందు ఎముకల డాక్టరా, నరాల డాక్టరా?

ముందు ఇద్దరూ కాదు, ఎండీ జనరల్ మెడిసిన్ చదివిన డాక్టర్. మోకాలు ఒక్కటే నొప్పైతే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లడం సబబే. ఒళ్లంతా నొప్పులతో వెళితే ఏ భాగం చూపిస్తే ఆ భాగానికి ఎక్స్‌రే తీస్తారు. నాకు మెడకొకటి, నడుముకొకటి, భుజానికొకటి తీశారు.

కీళ్ల వాపు, పొద్దున్నే బిగుసుకుపోవడం ఉన్నా, మూడు నెలలైనా తేలకపోయినా రుమటాలజిస్ట్‌కి చూపించమని అడగండి. కీళ్లవాతాలు, కండరాల జబ్బులు, ఫైబ్రోమయాల్జియా వీళ్ల విభాగంలోకే వస్తాయి. హైదరాబాద్ నిమ్స్‌లో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. జిల్లాల్లో ఈ డాక్టర్లు తక్కువ కాబట్టి పెద్ద ఊరు ప్రయాణం తప్పకపోవచ్చు. మొదటిసారి రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి.

అందరూ 'నరాల వీక్‌నెస్' అంటున్నారు. అదొక జబ్బా?

కాదు. నీరసం, తిమ్మిరి, చేతులు వణకడం, దాంపత్య సమస్యలు, అన్నిటికీ మనవాళ్లు పెట్టుకున్న ఉమ్మడి పేరది. నరాల జబ్బులు నిజంగా ఉన్నాయి, వాటికి పేర్లున్నాయి. షుగర్ వల్ల పాదాల మంటలు, బి12 తగ్గి తిమ్మిర్లు అలాంటివి. ఎవరైనా నరాల వీక్‌నెస్ అని మందు రాస్తే "ఏ నరం, ఎందువల్ల?" అని మర్యాదగానే అడగండి.

## పరీక్షలు

అసలు ఏయే పరీక్షలు అవసరం?

ఏవి కావాలో మిమ్మల్ని చూసిన డాక్టరే నిర్ణయించాలి. మామూలుగా మొదటి విడతలో రాసేవి ఇవి: రక్తకణాల లెక్కకు సీబీపీ, ఒంట్లో వాపు తెలియడానికి ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, షుగర్‌కి హెచ్‌బీఏ1సీ, కిడ్నీలకు క్రియాటినిన్, లివర్ పరీక్ష, కాల్షియం, విటమిన్ డి, బి12, ఫెరిటిన్, కండరాలకు సీపీకే, మూత్ర పరీక్ష. కాగితంలో ఫెరిటిన్ లేకపోతే ఆడవాళ్లు గుర్తుచేయడం మంచిది. హిమోగ్లోబిన్ 12 దాటి ఉన్నా ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటి ఉండొచ్చు, అది ఫెరిటిన్‌లోనే తెలుస్తుంది.

ఒక చిన్న విషయం చాలామందికి తెలియదు. జుట్టు ఊడకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని ల్యాబ్‌లలో థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపిస్తాయి. వాడుతుంటే ముందే చెప్పండి. కనీసం రెండు రోజులు ఆపి రక్తం ఇమ్మంటారు.

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ చేయించుకుంటే అన్నీ ఒకేసారి తేలిపోవా?

ఎనభై, తొంభై పరీక్షలని ప్రకటనలో ఉంటుంది. సీబీపీలోని ఒక్కో గడినీ ఒక్కో పరీక్షగా లెక్కేస్తే అంకె అలాగే పెరుగుతుంది. ఇన్ని చేస్తే ఏదో ఒకటి గీత దాటి ఎర్రగా కనిపించడం ఖాయం. ఆ ఎర్ర అంకె వెంట పరుగు, దానికి మళ్లీ పరీక్ష. మనిషిని చూసి, చెయ్యి వేసి నొక్కి, ఆ తర్వాత రాసిన పది పరీక్షలే మేలని నా అభిప్రాయం.

విటమిన్ డి 14 వచ్చింది. నా నొప్పులన్నిటికీ అదే కారణమా?

కావచ్చు, కాకపోనూవచ్చు. 20 కంటే తక్కువుంటే లోపమంటారు. మన దగ్గర ఏ నొప్పీ లేనివాళ్లను పరీక్షించినా చాలామందిలో తక్కువే ఉంటుంది. మరీ పడిపోయి ఎముకలు మెత్తబడితే దాని తీరు వేరు. కింద కూర్చుంటే లేవలేరు, మెట్లు ఎక్కలేరు, మోకాలి కింది ఎముక నొక్కితే నొప్పి పుడుతుంది, రిపోర్టులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి ఉంటుంది.

లోపాన్ని సరిచేసుకోవాలి, అనుమానం లేదు. నెలలు గడిచి అంకె నలభైకి వచ్చినా నొప్పులు అలాగే ఉంటే కారణం వేరే ఉన్నట్టే. నాకు జరిగింది అదే. ఇంకో మాట. వారానికొకటి వేసుకునే 60 వేల యూనిట్ల పొట్లం డాక్టర్ చెప్పిన వారాల వరకే. బాగుందని ఏళ్ల తరబడి మింగితే రక్తంలో కాల్షియం పెరిగి, దానివల్ల మళ్లీ నీరసం, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు వస్తాయి.

నెట్‌లో చూస్తే ఏఎన్‌ఏ పాజిటివ్ అంటే లూపస్ అని ఉంది. నాకు లూపస్ వచ్చినట్టేనా?

ఆ ఒక్క కాగితంతో కాదు. లూపస్ అంటే ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిమీద తిరగబడే జబ్బు, ఏఎన్ఏ అలా తిరగబడే యాంటీబాడీలను వెతికే రక్తపరీక్ష. తక్కువ టైటర్‌లో, అంటే రక్తాన్ని తక్కువగా పలచన చేసి 1:40 దగ్గర చూస్తే పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ నూటికి ముప్పైమంది దాకా పాజిటివ్ వస్తారు. 1:160 దగ్గర కూడా అయిదుగురు ఉంటారు. ఎండకు ముఖం మీద మచ్చలు, నోటిపూత, కీళ్ల వాపు, మూత్రంలో ప్రొటీన్ లాంటివి తోడుంటేనే ఆ పాజిటివ్‌కి బరువు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతానికి చేసే రక్తపరీక్ష) కూడా అంతే, వయసు పైబడినవాళ్లలో ఊరికే పాజిటివ్ వస్తుంటుంది. అదే జబ్బుకు చేసే యాంటీ సీసీపీ పరీక్ష కాస్త నమ్మదగ్గది. రాత్రి పన్నెండింటికి రిపోర్టు ఫోన్లో వస్తే పొద్దున్నదాకా తెరవకండి. నేను తెరిచాను, ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

చికున్‌గున్యా తగ్గి ఏడాది దాటింది, కీళ్లనొప్పులు మాత్రం పోలేదు. ఇంతకాలం ఉంటాయా?

ఉంటాయి. 2005-06లో మన దగ్గర ఊళ్లకు ఊళ్లు మంచాన పడ్డప్పుడు జ్వరం వారంలో పోయినా నొప్పులు నెలలు, కొందరికి ఏళ్లు వదల్లేదు. కొందరిలో అచ్చం కీళ్లవాతంలా వాపుతో ఉంటాయి, వాళ్లకు రుమటాలజిస్ట్ మందులు అవసరమవుతాయి. చికున్‌గున్యా రక్తపరీక్షలో ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఆ వైరస్ వచ్చిందని మాత్రమే, ఇప్పుడు ఉందని కాదు. కోవిడ్ తర్వాత మొదలైన నీరసాన్ని కూడా డాక్టర్‌కి ఆ తేదీతో సహా చెప్పాలి.

మాది నల్లగొండ వైపు పల్లెటూరు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కావచ్చా?

చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగినవాళ్లయితే అడగదగ్గ ప్రశ్నే. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును (ఫ్లోరోసిస్) మన దేశంలో మొదట గుర్తించింది 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా జనం దీన్ని మోశారు. పళ్ల మీద గోధుమరంగు చారలు, మెడా నడుమూ వంగకుండా గట్టిపడటం దీని గుర్తులు. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ముంజేయి, వెన్ను ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షతో తేలుతుంది. నగరంలో డాక్టర్‌కి మీ ఊరి సంగతి తెలియదు, మీరే చెప్పాలి.

ఎంఆర్‌ఐ తీయించుకుంటే నిక్కచ్చిగా తెలిసిపోదా?

ముప్పై దాటినవాళ్లలో చాలామందికి డిస్క్ కాస్త ఉబ్బిందనో అరిగిందనో రాస్తారు, నొప్పి లేనివాళ్లకు కూడా. కాలికి బలం తగ్గడం, స్పర్శ పోవడం, జ్వరంతో నడుంనొప్పి ఉంటే తప్పక తీయాలి. ఒళ్లంతా ఉన్న నొప్పికి ఒక డిస్క్ బాధ్యత వహించదు.

## రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాక

అన్నీ నార్మల్ అంటున్నారు. మరి ఈ నొప్పి ఎక్కణ్ణించి వస్తోంది?

రక్తపరీక్ష వాపునూ లోపాన్నీ పట్టుకోగలదు. నొప్పిని కొలిచే పరీక్ష లేదు. ఫైబ్రోమయాల్జియాలో కండరం పాడవదు, కీలు అరగదు. వెన్నుపాము, మెదడు నొప్పి సంకేతాలను అందుకునే తీరు మారిపోతుంది. మైకు వాల్యూమ్ ఎవరో పెంచి వదిలేసినట్టు, మామూలు స్పర్శ కూడా నొప్పిగా వినిపిస్తుంది. గాయం వల్ల వచ్చే నొప్పి, నరం దెబ్బతిని వచ్చే నొప్పి కాకుండా ఇది మూడో రకమని 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం దీనికి వేరే పేరే పెట్టింది. నార్మల్ రిపోర్టుతో కొన్ని జబ్బులు లేవని తేలుతుంది. మీకు నొప్పి లేదని తేలదు.

'నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో' అని పంపించేశారు. ఏం చేయను?

నన్నూ అలాగే పంపారు. బయటికొచ్చి బస్టాండ్‌లో ఏడ్చాను. తర్వాతిసారి ఇంకో డాక్టర్‌ని మూడు ప్రశ్నలు అడిగాను: "ఏ జబ్బులు లేవని మీరు తేల్చారు? ఇంకా ఏవి ఉండొచ్చనుకుంటున్నారు? తగ్గకపోతే మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?" ఈ మూడింటికీ జవాబు చెప్పే డాక్టర్ దొరికితే వదలకండి.

అయితే ఇందులో రెండో వైపు కూడా ఉంది. డిప్రెషన్‌లో ఒళ్లునొప్పులు, నీరసం నిజంగానే వస్తాయి. దీర్ఘకాలం నొప్పి ఉన్నవాళ్లకు డిప్రెషన్ రావడమూ మామూలే. ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, బతకడం దండగనిపించడం ఉంటే సైకియాట్రిస్ట్‌ని కలవడం నామోషీ కాదు. టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మనసుకు వైద్యం చేయించుకున్నంత మాత్రాన ఒంటినొప్పి అబద్ధమైపోదు.

పరీక్షే లేకపోతే ఫైబ్రోమయాల్జియా అని ఎలా తేలుస్తారు?

లెక్క ఉంది. 1990 నాటి అమెరికన్ రుమటాలజీ కాలేజీ పద్ధతిలో ఒంటిమీద 18 చోట్ల నొక్కి 11 చోట్ల నొప్పి ఉందా అని చూసేవారు. ఇప్పుడు 2016లో సవరించిన పద్ధతి వాడుతున్నారు. శరీరంలో 19 చోట్లలో గత వారం ఎన్నిటిలో నొప్పి ఉందో లెక్కపెడతారు. అలసట, తీరని నిద్ర, మతిమరుపు ఎంత తీవ్రంగా ఉన్నాయో ఒక్కోదానికి 0 నుంచి 3, తలనొప్పి, పొత్తికడుపు నొప్పి, డిప్రెషన్ ఉంటే ఒక్కో మార్కు, మొత్తం 12.

నొప్పి చోట్లు 7 లేదా ఎక్కువ, తీవ్రత 5 లేదా ఎక్కువ ఉండాలి. చోట్లు 4 నుంచి 6 మధ్య ఉంటే తీవ్రత 9 దాటాలి లేదా 9 ఉండాలి. నొప్పి ఒంటి అయిదు భాగాల్లో కనీసం నాలుగింటిలో ఉండాలి, మూడు నెలలుగా ఉండాలి. నాకు నొప్పి చోట్లు 13, తీవ్రత 9 వచ్చాయి. కీళ్లవాతమో థైరాయిడో ఉన్నవాళ్లకూ ఇది తోడుగా ఉండొచ్చు. ఒకటి ఉంటే రెండోది ఉండదన్న నియమం లేదు.

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అన్నా ఇదేనా?

దగ్గరి చుట్టాలే కానీ ఒకటి కాదు. ఫైబ్రోమయాల్జియాలో నొప్పిది ముందువరస, క్రానిక్ ఫెటీగ్‌లో శక్తి పడిపోవడానిది. దీని అసలు గుర్తు శ్రమ తర్వాత కుప్పకూలడం. ఓపిక ఉందని ఒకరోజు ఇల్లు సర్దితే, మర్నాడో ఎల్లుండో జ్వరం వచ్చినట్టు పడిపోయి రోజుల తరబడి లేవలేరు. 2015లో అమెరికా నిపుణుల సంఘం పెట్టిన కొలత ప్రకారం ఆరు నెలలకు పైగా పాత పనులు చేయలేకపోవడం, ఈ కుప్పకూలడం, తీరని నిద్ర తప్పనిసరి. వీటికి తోడు మెదడు మందగించడమో, నిలబడితే తలతిరగడమో ఉండాలి. నిలబడ్డ పది నిమిషాల్లో నాడి వేగం నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరుగుతుంటే డాక్టర్‌కి చెప్పండి.

తేడా తెలియడం ఎందుకంటే వైద్యం వేరు. ఈ రకం వాళ్లను రోజురోజుకీ వ్యాయామం పెంచమనే పాత పద్ధతిని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో తీసేసింది.

మా ఆయన ఎనిమిది గంటలు గురకపెట్టి నిద్రపోతారు, అయినా పగలంతా తూగుతారు. ఇదీ అలాంటిదేనా?

ముందు స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూపించండి. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పొద్దున్నే తలనొప్పి, బీపీ ఉంటే అనుమానం గట్టిదే. రాత్రిపూట చేసే స్లీప్ స్టడీలో తేలుతుంది, మంచి వైద్యమూ ఉంది. గురకను ఫోన్లో రికార్డు చేసి తీసుకెళ్లండి.

## పేరు తెలిశాక

ఫైబ్రోమయాల్జియా అన్నారు, తీరా చూస్తే డిప్రెషన్ మాత్ర రాశారు. నన్ను నమ్మలేదా?

డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి డిప్రెషన్‌కి వచ్చిన మందులే కానీ నొప్పి సంకేతాలను తగ్గించే గుణం వాటికి ఉంది. ప్రీగాబాలిన్ మూర్ఛకూ వాడతారు. పనిచేయడానికి వారాలు పడుతుంది, అందరికీ పనిచేయవు, మత్తు, నోరు ఎండటం ఉంటాయి. సొంతంగా ఆపేయకుండా ఫోన్ చేసి అడగండి.

ఒళ్లు కదలదంటుంటే వాకింగ్ చేయమంటారేమిటి?

నాకూ ఒళ్లు మండింది. కానీ ఫైబ్రోమయాల్జియాకి యూరప్ రుమటాలజీ సంఘం 2016లో గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కటే. కిటుకంతా మొదలుపెట్టే కొలతలో ఉంది. నేను అయిదు నిమిషాలతో మొదలుపెట్టి, వారం అలాగే ఉంచి, ఒక నిమిషం పెంచాను. అరగంటకు రావడానికి ఏడు నెలలు పట్టింది. నడిచిన మర్నాడు కుప్పకూలే తీరు ఉంటే మాత్రం ఈ సలహా మీకు కాదు, డాక్టర్‌తో మాట్లాడే వరకు పెంచొద్దు.

'మేం పదిమందికి వండిపెట్టాం, మాకు లేని నొప్పులు నీకెందుకు' అంటున్నారు అత్తగారు. ఏం చెప్పను?

వాదించి గెలవలేదు నేను. ఒక చెకప్‌కి ఆవిడనే తోడు తీసుకెళ్లాను. డాక్టర్ నోట విన్నాక "మీ మామ్మగారికీ ఇలాగే ఉండేది, ఆవిణ్ణి సోమరిపోతు అనేవాళ్లం" అన్నారు మా అత్తయ్యగారు. ఆ రోజు నుంచి ఇడ్లీపిండి రుబ్బడం ఆవిడ పని.

వికలాంగుల సర్టిఫికెట్ వస్తుందా?

2016 చట్టంలోని 21 రకాల్లో దీని పేరు లేదు. ఇన్సూరెన్స్‌లో కూడా చాలా పాలసీలు ఓపీ ఖర్చులు ఇవ్వవు, కొనేముందు చూసుకోండి.

ఇకపై కొత్తగా ఏ నొప్పి వచ్చినా దీనివల్లే అనుకోవాలా?

వద్దు. పోయిన ఏడాది నాకు ఎడమ భుజం పట్టేసింది, జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి వెళ్లేది కాదు. పాత నొప్పేలే అని నాలుగు నెలలు ఊరుకున్నాను. చూపిస్తే ఫ్రోజెన్ షోల్డర్. అది షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువ వస్తుందని డాక్టర్ రక్తం తీయించారు. హెచ్‌బీఏ1సీ 7.4, అంటే నాకూ షుగర్ ఉంది.